స్విచ్ కావాలా, రౌటర్ కావాలా: ఇల్లు, దుకాణం, లాడ్జి, కళాశాలలకు ఎంపిక సలహా

కడపలో గానీ, అనంతపురంలో గానీ, కర్నూలులో గానీ కంప్యూటర్ సామాన్లు అమ్మే అంగడికి వెళ్లి “నెట్ వైర్లు పెట్టడానికి పోర్టులు చాలడం లేదు” అని అడిగితే, కొన్నిసార్లు చేతికి వచ్చేది ఇంకొక వైఫై రౌటర్. అడిగిన మనిషికి నిజంగా కావలసింది ఐదు పోర్టుల మామూలు స్విచ్ మాత్రమే. దీనికి పూర్తిగా ఎదురు సంగతి కూడా జరుగుతుంది. రెండు కంపెనీల నెట్ కనెక్షన్లు తీసుకున్న లాడ్జిలో ఆ కంపెనీలు బిగించిన రెండు డబ్బాల తీగలనూ ఒకే స్విచ్‌లో గుచ్చి, ఒకటి పోతే ఇంకొకటి అందుకుంటుందని ఆశిస్తారు. స్విచ్ ఆ పని చేయలేదు. అక్కడ రెండు లైన్లు పట్టే రౌటర్ ఉండాలి. రెండు పరికరాల వెనకా ఒకే రకం పోర్టులు ఉండటం, ముందు ఒకే రకం దీపాలు మెరవడం వల్ల ఈ తికమక పుడుతుంది. అందుకే ధరలు, బ్రాండ్ల దగ్గరికి వెళ్లేముందు ఏది ఏ పని చేస్తుందో, మీ చోట ఏ పని ఆగిపోయిందో తేల్చుకోవడం మంచిది.

రెండూ చేసే పని వేరు

స్విచ్ ఒకే నెట్‌వర్కు లోపల పనిచేస్తుంది. దానికి తగిలించిన ప్రతి కంప్యూటరుకు, ప్రింటరుకు, కెమెరాకు 48 బిట్ల మ్యాక్ అడ్రసు (పరికరాన్ని గుర్తించే సంఖ్య) ఒకటి ఉంటుంది. ఏ మ్యాక్ అడ్రసు ఏ పోర్టు నుంచి మాట్లాడిందో స్విచ్ గమనించి తన పట్టికలో రాసుకుంటుంది. ఆ తరువాత ఆ అడ్రసుకు పోవలసిన సమాచారాన్ని ఆ ఒక్క పోర్టులోకే పంపుతుంది. పట్టికలో లేని అడ్రసు ఎదురైతే, సమాచారం వచ్చిన పోర్టును వదిలి మిగిలిన అన్నిటిలోకీ పంపి, జవాబు ఎటునుంచి వచ్చిందో చూసి నేర్చుకుంటుంది. బయట ఇంటర్నెట్ ఉందో పోయిందో దానికి పట్టదు. అది ఎవరికీ ఐపీ అడ్రసు (నెట్‌వర్కులో పరికరం చోటును చెప్పే సంఖ్య) ఇవ్వదు, ఎవరినీ పాస్‌వర్డు అడగదు. పూర్వం ఈ పనికి వాడిన హబ్‌కు ఈ పట్టిక ఉండేది కాదు, వచ్చిన ప్రతిదాన్నీ అన్ని పోర్టుల్లోకీ పంపేది. 1990లో ఏడు పోర్టులతో మొదటి ఈథర్‌నెట్ స్విచ్‌ను అమ్మకానికి తెచ్చిన అమెరికా కంపెనీ పేరు కల్పన. దాని స్థాపకుల్లో ఒకరైన భారత సంతతి వ్యక్తి వినోద్ భరద్వాజ్ తన భార్య పేరే కంపెనీకి పెట్టుకున్నారు. 1994లో సిస్కో దాన్ని కొనుక్కుంది.

రౌటర్ రెండు వేర్వేరు నెట్‌వర్కుల నడుమ ఉంటుంది, మ్యాక్ అడ్రసును కాక ఐపీ అడ్రసును చూసి దారి నిర్ణయిస్తుంది. ఇళ్లలో, దుకాణాల్లో వాడే రౌటర్ దీనితో పాటు మరికొన్ని పనులు కూడా నెత్తిన వేసుకుంటుంది. లోపలి పరికరాలకు 192.168తో మొదలయ్యే అడ్రసులు పంచడం డీహెచ్‌సీపీ పని. ఆ పరికరాలన్నీ బయటికి ఒకే అడ్రసుతో కనిపించేలా మార్చడం నాట్ పని. బయటినుంచి పిలవకుండా వచ్చేవాటిని ఆపడం ఫైర్‌వాల్ పని. కొన్ని కనెక్షన్లలో యూజర్ పేరు, పాస్‌వర్డు పెట్టి లైనుకు లాగిన్ అయ్యే పీపీపీఓఈ కూడా రౌటరే చేస్తుంది.

ఆదోని పత్తి యార్డులో సరుకు ఒక అంగడి నుంచి పక్క అంగడికి పోవాలంటే యార్డు హమాలీ చాలు, ఏ అంగడి ఎక్కడుందో అతనికి తెలుసు. అదే సరుకు గుంటూరుకు పోవాలంటే లారీ ఆఫీసులో ఊరి పేరు రాయించాలి. స్విచ్ హమాలీ పని చేస్తుంది, రౌటర్ లారీ ఆఫీసు పని చేస్తుంది.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఫైబర్ కనెక్షన్ ఇచ్చిన సంస్థ గోడకు బిగించి వెళ్లే డబ్బాలో సాధారణంగా నాలుగు పరికరాలు కలిసి ఉంటాయి: ఫైబర్ వెలుగును విద్యుత్ సంకేతంగా మార్చే ఓఎన్‌టీ, రౌటర్, రెండు లేదా నాలుగు పోర్టుల చిన్న స్విచ్, వైఫై. కాబట్టి స్విచ్, రౌటర్ రెండూ మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి. అడగవలసిన ప్రశ్న ఏది గొప్ప అని కాదు, ఆ డబ్బాలోని ఏ భాగం మీ అవసరానికి చాలడం లేదు అని.

ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

మొదటిది, తీగతో కలపవలసిన పరికరాల లెక్క, వాటి దూరం. క్యాట్ 5ఈ అయినా క్యాట్ 6 అయినా రాగి తీగ ఒక పరికరం నుంచి ఇంకొక పరికరానికి 100 మీటర్ల వరకే నమ్మదగినది. ఈ లెక్క వేసేటప్పుడు నేటి అవసరం మీద మూడు నాలుగు పోర్టులు ఎక్కువే అనుకోండి, ఎందుకంటే కెమెరాలు, బిల్లింగ్ మిషన్లు ఒక్కొక్కటిగా వచ్చి చేరుతూనే ఉంటాయి.

రెండవది, అన్నిటికన్నా ముఖ్యమైనది: ఆ పరికరాలన్నీ ఒకదానినొకటి చూడవచ్చా, చూడకూడదా? ఇంట్లో టీవీ, ప్రింటరు, లాప్‌టాప్ ఒకదానినొకటి చూస్తే మేలే. లాడ్జిలో దిగిన అతిథి ఫోను, కౌంటరులో బిల్లులు వేసే కంప్యూటరు మాత్రం ఒకే చోట కలవకూడదు. కలపడం మాత్రమే కావాలంటే మామూలు స్విచ్ సరిపోతుంది. వేరు చేసి, అవసరమైనంత వరకే దాటనివ్వాలంటే రౌటర్ ప్రమేయం తప్పదు.

మూడవది నెట్ లైన్లు ఒకటా రెండా అన్నది. నాలుగవది వేగం. 100 మెగాబిట్ల పోర్టులున్న పాత స్విచ్ మీద 200 మెగాబిట్ల ప్లాను తీసుకున్నా, ఆ స్విచ్ వెనకున్న కంప్యూటరుకు వందకు మించి రాదు. ఐదవది, నెట్ తీగలోనే కెమెరాకు కరెంటు కూడా పంపాలా (దీన్నే పీఓఈ అంటారు) అన్నది. ఆరవదాన్ని చాలామంది వదిలేస్తారు: పాడైనప్పుడు దాన్ని సరిచేసే మనిషి ఊళ్లో ఉన్నాడా? ప్రొద్దుటూరులో దొరికే మనిషి జమ్మలమడుగు పక్క పల్లెలోని పాఠశాలకు అదే రోజు రాకపోవచ్చు. సెట్టింగులు ఎన్ని ఎక్కువైతే ఆ మనిషి మీద అంత ఆధారపడతారు.

| ఎంపిక | పోర్టులు పెరగడం | నెట్‌వర్కులను వేరు చేయడం | రెండు నెట్ లైన్లు | కెమెరాకు తీగలో కరెంటు | సెట్టింగుల తెలివిడి |
|---|---|---|---|---|---|
| నెట్ సంస్థ ఇచ్చిన డబ్బా ఒక్కటే | లేదు | గెస్ట్ వైఫై ఉంటే కొంత | సాధారణంగా లేదు | లేదు | అక్కర్లేదు |
| డబ్బా + మామూలు స్విచ్ | అవును | లేదు | లేదు | లేదు | అక్కర్లేదు |
| డబ్బా + పీఓఈ స్విచ్ | అవును | లేదు | లేదు | అవును | కొద్దిగా |
| డబ్బా + సొంత రౌటర్ | కొద్దిగా | అవును | ఆ సౌకర్యమున్న మోడల్ అయితే | లేదు | కావాలి |
| సొంత రౌటర్ + మేనేజ్డ్ (సెట్టింగులు మార్చుకోగల) స్విచ్ | అవును | పూర్తిగా | ఆ సౌకర్యమున్న రౌటర్ అయితే | పీఓఈ మోడల్ అయితే | తప్పనిసరి |
| లేయర్ 3 స్విచ్ (నెట్‌వర్కుల మధ్య దారి కూడా చూపేది) + రౌటర్ | అవును | పూర్తిగా, ఎక్కువ వేగంతో | రౌటర్‌ను బట్టి | పీఓఈ మోడల్ అయితే | నేర్చిన మనిషి ఉండాలి |

మామూలు స్విచ్: ఎక్కువమందికి ఇదే జవాబు

సెట్టింగులేవీ లేని మామూలు స్విచ్‌ను డబ్బాలోని ఒక పోర్టుకు కలిపి, మిగిలిన పరికరాలను దానికి తగిలిస్తే పని పూర్తయినట్టే. ఐదు పోర్టుల గిగాబిట్ (1000 మెగాబిట్ల) స్విచ్ సాధారణంగా రెండు వేల రూపాయల లోపే దొరుకుతుంది, తినే కరెంటు కూడా చాలా తక్కువ. ఐదు పోర్టులన్నప్పుడు ఒకటి డబ్బాకు పోతుందని, చేతికి మిగిలేవి నాలుగేనని గుర్తుంచుకోవాలి. కొన్ని ఫైబర్ డబ్బాలలో ఒక పోర్టు మాత్రమే గిగాబిట్, మిగిలినవి 100 మెగాబిట్లవి. స్విచ్‌కు పోయే తీగను ఆ గిగాబిట్ పోర్టులోనే పెట్టాలి. కొనేటప్పుడు 100 మెగాబిట్ల స్విచ్‌కు, గిగాబిట్ స్విచ్‌కు ధరలో ఉన్న తేడా చూసి వెనక్కి తగ్గడం నాకు సరైన పొదుపుగా తోచదు, ఎందుకంటే ఈ వస్తువు చెడిపోకపోతే ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది, ప్లానులు మాత్రం పెరుగుతూ పోతాయి.

కడప, తాడిపత్రి వైపు మందమైన రాతి గోడల పాత ఇళ్లలో కింది అంతస్తు వైఫై పై గదికి చేరకపోవడం మామూలే. అక్కడ వైఫైని పట్టి మళ్లీ విసిరే ఎక్స్‌టెండర్ కొనే బదులు, పైకి ఒక క్యాట్ 6 తీగ లాగి, అక్కడ వైఫై ఇచ్చే యాక్సెస్ పాయింటు ఒకటి, టీవీ పక్కన ఒక చిన్న స్విచ్ పెట్టుకోవడం మేలు. అలసిన సంకేతాన్ని ఎక్స్‌టెండర్ ఎంత పెంచినా దానికి అందినదే కొంచెం. తీగలో వచ్చినది మాత్రం గోడతో సంబంధం లేకుండా పూర్తిగా చేరుతుంది.

బట్టల అంగడి లేదా మందుల హోల్‌సేల్ దుకాణానికి స్విచ్ వల్ల ఇంకో లాభం ఉంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ డేటా అంగడిలోని ఒక కంప్యూటరులోనే ఉంటే, కౌంటరు కంప్యూటర్లు దానితో స్విచ్ ద్వారానే మాట్లాడుకుంటాయి. రోడ్డు తవ్వకంలో ఫైబర్ తెగి మధ్యాహ్నమంతా నెట్ రాకపోయినా బిల్లులు ఆగవు. అయితే ఒక మెలిక ఉంది. అడ్రసులు పంచేది డబ్బాలోని రౌటర్ కాబట్టి, ఆ డబ్బాయే ఆగిపోయి ఉన్నప్పుడు కంప్యూటరును కొత్తగా ఆన్ చేస్తే దానికి అడ్రసు దొరకదు. విండోస్ తనంతట తాను 169.254తో మొదలయ్యే అడ్రసు తగిలించుకుంటుంది, డేటా కంప్యూటరు కనబడదు. అందుకే డేటా ఉన్న కంప్యూటరుకు, కౌంటరు కంప్యూటర్లకు మార్పు లేని ఐపీ అడ్రసులు ముందే పెట్టించుకోవాలి.

మామూలు స్విచ్‌తో జాగ్రత్త పడవలసింది ఒకటే. తీగ రెండు చివరలూ అదే స్విచ్‌లో పడినా, రెండు స్విచ్‌ల మధ్య రెండు తీగలు పడినా, సమాచారం గుండ్రంగా తిరుగుతూ పెరిగిపోయి నెట్‌వర్కంతా స్తంభిస్తుంది. దీపాలన్నీ ఒకే లయలో ఆగకుండా మెరుస్తుంటే ముందు అనుమానించవలసింది దీన్నే. ఊడ్చేటప్పుడు వేలాడుతున్న తీగ కనబడి, ఖాళీగా ఉన్న పోర్టులో ఎవరో సాయంగా గుచ్చి ఉంటారు. స్పానింగ్ ట్రీ అనే సౌకర్యం ఉన్న మేనేజ్డ్ స్విచ్‌లు ఈ గుండ్రాన్ని పసిగట్టి ఒక దారిని మూసేస్తాయి. మామూలువాటిలో చాలావరకు ఆ తెలివి ఉండదు.

కెమెరాలు పెట్టేవారికి పీఓఈ స్విచ్

నెట్ తీగతో పనిచేసే ఐపీ కెమెరాలు పెట్టించే గోదాములు, గ్రానైట్ పాలిష్ యూనిట్లు, పాఠశాలలు అడిగేది ఇదే. ప్రతి కెమెరా దగ్గరా ప్లగ్ పాయింటు, అడాప్టరు పెట్టే శ్రమ లేకుండా నెట్ తీగలోనే కరెంటు పోతుంది. దీనికి ప్రమాణాలు ఉన్నాయి: 2003 నాటి 802.3ఏఎఫ్ ప్రకారం ఒక పోర్టు 15.4 వాట్ల వరకు, 2009 నాటి 802.3ఏటీ ప్రకారం 30 వాట్ల వరకు ఇస్తుంది. 2018లో వచ్చిన 802.3బీటీ 90 వాట్ల దాకా వెళుతుంది. మామూలు బుల్లెట్, డోమ్ కెమెరాలకు మొదటిది చాలు. తిరుగుతూ దగ్గరగా చూపే పీటీజెడ్ కెమెరాలకు చాలావాటికి రెండవది కావాలి.

మోసపోయే చోటు పోర్టుకు ఎంత అన్నదాంట్లో లేదు, మొత్తం బడ్జెట్‌లో ఉంది. ఎనిమిది పీఓఈ పోర్టులు ఉన్నంత మాత్రాన ఎనిమిదింటికీ పదిహేనేసి వాట్లు ఒకేసారి ఇవ్వగలదని అర్థం కాదు. మొత్తం బడ్జెట్ 60 వాట్లు ఉన్న స్విచ్‌కు ఏడు వాట్ల కెమెరాలు ఎనిమిది తగిలిస్తే 56 వాట్లు అవుతాయి, అంచు మీద నడుస్తున్నట్టే లెక్క. పగలంతా బాగుండి, చీకటి పడ్డాక ఒకటి రెండు కెమెరాలు ఆగి ఆగి వెలుగుతుంటే, రాత్రి చూపు కోసం కెమెరాలలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగి వాడకం పెరగడమే కారణం కావచ్చు. కెమెరాల కాగితంలో రాసిన గరిష్ఠ వాట్లను కూడి, దానిపైన కనీసం నాలుగో వంతు మిగులు ఉండేలా స్విచ్ ఎంచుకోవడం నా సలహా.

తీగ విషయంలో పొదుపు ఇక్కడ అసలు పనికిరాదు. అల్యూమినియం మీద రాగి పూత వేసిన సీసీఏ తీగ చౌకగా వస్తుంది, కానీ అది క్యాట్ ప్రమాణాలకు లోబడినది కాదు. దానిలో కరెంటుకు అడ్డు ఎక్కువ, దూరం పెరిగేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది, తీగ వేడెక్కుతుంది. బిల్లులో పూర్తి రాగి తీగ అని రాయించుకోండి. కొన్ని పీఓఈ స్విచ్‌లలో 250 మీటర్ల వరకు పంపే ఎక్స్‌టెండ్ మీట ఉంటుంది. అది నొక్కితే ఆ పోర్టుల వేగం 10 మెగాబిట్లకు తగ్గుతుంది. ఒక కెమెరాకు అది సరిపోవచ్చు గానీ, ఆ పోర్టు వెనక ఇంకో స్విచ్ పెట్టి నాలుగు కెమెరాలు తగిలిస్తే చిత్రం ఆగిపోతుంది.

కెమెరాలు ఎనిమిదికి లోపే ఉంటే, వెనకే పీఓఈ పోర్టులున్న ఎన్‌వీఆర్ (కెమెరా రికార్డర్) తీసుకోవడం ఇంకా సులువు. అందులో స్విచ్ కలిసే ఉంటుంది. కెమెరాలు దూరదూరంగా, రెండు మూడు గుంపులుగా ఉన్నప్పుడే విడిగా పీఓఈ స్విచ్ లాభం.

సొంత రౌటర్ ఎప్పుడు కొనాలి

నా దృష్టిలో దీనికి గట్టి కారణాలు మూడే. రెండు నెట్ లైన్లు ఉండి, ఒకటి పోయినప్పుడు రెండోదానికి తనంతట తాను మారాలనుకోవడం మొదటిది. ఆన్‌లైన్ పరీక్షలు నిర్వహించే కేంద్రాలు, మీసేవ కేంద్రాలు, ఆసుపత్రులు, లాడ్జీలకు ఇది నిజమైన అవసరం. దీనికి రెండు వ్యాన్ (బయటి లైను తగిలించే) పోర్టులున్న రౌటర్ తీసుకుని రెండు డబ్బాలనూ దానికే కలపాలి. కొన్నిటిలో రెండో లైనుగా 4జీ డాంగిల్ కూడా పెట్టుకోవచ్చు. పైన చెప్పినట్టు ఆ రెండు డబ్బాలనూ స్విచ్‌లో కలిపితే అడ్రసులు పంచేవి రెండవుతాయి. ఏ కంప్యూటరు దేని దగ్గర అడ్రసు తీసుకుంటుందో చెప్పలేము, సగం మందికి నెట్ వచ్చి సగం మందికి రాని విచిత్రమైన రోజులు మొదలవుతాయి.

పరికరాలను వేరు చేయవలసిన అవసరం రెండవది. దీన్ని కింద వివరిస్తాను. డబ్బాలోని రౌటర్ జనానికి తట్టుకోలేకపోవడం మూడవది. 192.168.1తో మొదలయ్యే మామూలు అమరికలో 254 అడ్రసులే ఉంటాయి, అందులో ఒకటి రౌటర్‌దే. కోచింగ్ సెంటరులో మూడు వందల ఫోన్లు వైఫైకి చేరితే చివర వచ్చినవారికి అడ్రసే దొరకదు, సంకేతం నిండుగా కనిపిస్తున్నా నెట్ రాదు. ఇక్కడ ఎన్ని స్విచ్‌లు తగిలించినా ఉపయోగం లేదు.

సొంత రౌటర్ పెట్టేవారు ఒక సంగతి ముందే నిర్ణయించుకోవాలి. డబ్బా కూడా రౌటరే, దాని వెనక ఇంకో రౌటర్ పెడితే అడ్రసుల మార్పిడి రెండుసార్లు జరుగుతుంది. యూట్యూబ్, బ్యాంకు పనులు, వీడియో కాల్స్‌కు దీనివల్ల ఇబ్బంది పెద్దగా ఉండదు. బయటినుంచి పోర్టు తెరిచి కెమెరా రికార్డర్ (డీవీఆర్) చూసుకోవాలన్నా, కొన్ని ఆటలు ఆడాలన్నా మాత్రం అడ్డు పడుతుంది. డబ్బాను బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టమని నెట్ సంస్థను అడిగితే రౌటర్ పని సొంతదానికి దక్కుతుంది. అంతకుముందు రౌటర్ పేజీలో వ్యాన్ అడ్రసు చూడండి: అది 100.64 నుంచి 100.127 వరకు మొదలయ్యేదైతే, ఆ సంస్థే తన వైపు ఒకే అడ్రసును చాలామందికి పంచుతోందని అర్థం. అప్పుడు ఎంత ఖరీదైన రౌటర్ కొన్నా బయటినుంచి పోర్టు తెరుచుకోదు. సంస్థ దగ్గర స్టాటిక్ ఐపీ (మీకే కేటాయించిన, మారని అడ్రసు) తీసుకోవాలి, లేదా కెమెరా కంపెనీ క్లౌడ్ యాప్‌తో సరిపెట్టుకోవాలి.

అటక మీద పడి ఉన్న పాత వైఫై రౌటర్‌ను స్విచ్‌గా వాడుకోవచ్చా అని అడిగేవారికి జవాబు అవును. దాని డీహెచ్‌సీపీని ఆపి, దాని ల్యాన్ (లోపలి నెట్‌వర్కు) అడ్రసును డబ్బా అడ్రసుతో గుద్దుకోకుండా మార్చి, తీగను వ్యాన్ పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులో పెట్టాలి. ఈ మూడింటిలో మొదటిది మరిచిపోతే పైన చెప్పిన రెండు డబ్బాల గొడవే ఇక్కడ కూడా వస్తుంది.

లాడ్జి, ఆసుపత్రి, కళాశాల: మేనేజ్డ్ స్విచ్ అవసరమైన చోటు

కర్నూలు బస్టాండు దగ్గర ముప్పై గదుల లాడ్జిని ఊహించుకుందాం. గదుల్లో అతిథుల వైఫై, కౌంటరులో బిల్లింగ్, వరండాల్లో కెమెరాలు, అన్నిటికీ ఒకే ఫైబర్ లైను. మామూలు స్విచ్‌లతో కలిపేస్తే నెట్ అందరికీ వస్తుంది. దానితో పాటే గదిలో లాప్‌టాప్ తెరిచిన ఎవరికైనా కెమెరా రికార్డర్ లాగిన్ పేజీ దాకా దారి ఉంటుంది. మూడు పనులకు మూడు వేర్వేరు స్విచ్‌లు, మూడు తీగలు లాగడం ఒక దారి. మేనేజ్డ్ స్విచ్‌లో వీల్యాన్‌లు పెట్టడం రెండవ దారి: ఒకే స్విచ్‌లోని పోర్టులను గుంపులుగా విడదీసి, ఒక గుంపు సమాచారం ఇంకో గుంపుకు పోకుండా చేస్తారు. ప్రతి గుంపుకూ 1 నుంచి 4094 లోపు ఒక సంఖ్య ఉంటుంది, 802.1క్యూ ప్రమాణం ప్రకారం ఆ సంఖ్య సమాచారంతో పాటు ప్రయాణిస్తుంది కాబట్టి అంతస్తుల మధ్య ఒక్క తీగ చాలు.

ఇక్కడ మరవకూడనిది, ఈ రకం స్విచ్ ఇలా విడదీయగలదే గాని విడదీసినవాటిని మళ్లీ హద్దుల్లో కలపలేదు. మేనేజరు కంప్యూటరు నుంచి కెమెరాలు చూడాలి, అతిథుల నుంచి చూడకూడదు అన్న నియమం పెట్టేది వీల్యాన్‌లను అర్థం చేసుకునే రౌటరే. నెట్ సంస్థ ఇచ్చిన డబ్బాలో ఆ సౌకర్యం వినియోగదారు చేతికి రావడం అరుదు. అందువల్ల మేనేజ్డ్ స్విచ్ ఒక్కటే కొని తెచ్చి సగంలో ఆగిపోయే బదులు, రెండింటికీ కలిపి బడ్జెట్ వేసుకోవాలి. అంత ఖర్చు వద్దనుకునే చిన్న లాడ్జి, గెస్ట్ వైఫై ఉన్న మంచి రౌటర్ ఒకటి పెట్టుకుని, అతిథులకు తీగ పోర్టులు ఇవ్వకుండా ఉంటే అవసరం చాలావరకు తీరుతుంది. అంతకు మించి వేసుకునే సెట్టింగులు, వాటిని పెట్టిన మనిషి ఊరు మారిన రోజున భారమవుతాయి. పాస్‌వర్డులు, పోర్టుల పట్టిక కాగితం మీద యజమాని దగ్గర ఉండాలన్న షరతు మీదే పని అప్పగించండి.

లేయర్ 3 స్విచ్ గురించి కొద్దిగా. ఇది వీల్యాన్‌ల మధ్య దారి చూపే పనిని తనలోని చిప్పుతోనే, రౌటర్‌కు పంపకుండా చేసుకుంటుంది. అనంతపురంలో నాలుగు ల్యాబులు, పరీక్షల విభాగం, గ్రంథాలయం, సొంత సర్వర్ ఉన్న ఇంజినీరింగ్ కళాశాలకు ఇది తగినది, ఎందుకంటే ల్యాబు నుంచి సర్వర్‌కు పోయే బరువంతా క్యాంపస్ లోపలే ఉంటుంది. అయినా ఇది రౌటర్‌కు బదులు కాదు. నాట్, పీపీపీఓఈ వంటివి సాధారణంగా ఇందులో ఉండవు, నెట్ లైనుకు రౌటర్ లేదా ఫైర్‌వాల్ ఉండవలసిందే. ఒకే ల్యాబులో నలభై కంప్యూటర్లున్న డిగ్రీ కళాశాలకు 48 పోర్టుల మామూలు గిగాబిట్ స్విచ్, ఓ మోస్తరు రౌటర్ చాలు. దానికి లేయర్ 3 అమ్మజూపితే ఎందుకని అడగండి.

ఎండ, కరెంటు, పిడుగు

ఈ విషయాలు పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండవు, రాయలసీమలో మాత్రం పరికరం ఎన్నాళ్లు బతుకుతుందో తేల్చేవి ఇవే. ఇళ్లకు, దుకాణాలకు అమ్మే చాలా స్విచ్‌ల కాగితంలో పనిచేసే వేడి 0 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ అని ఉంటుంది. మే నెలలో మన నీడే 40 దాటుతుంది, రేకుల షెడ్డులో గోడకు బిగించిన మూసిన డబ్బాలో ఇంకెంత ఉంటుందో చెప్పనక్కర్లేదు. పీఓఈ స్విచ్ కెమెరాలకు కరెంటు కూడా పంచుతుంది కాబట్టి మామూలుదానికన్నా ఎక్కువ వేడెక్కుతుంది. వీలైతే దాన్ని ఆఫీసు గదిలోనే పెట్టి పొడవైన తీగలు లాగండి. షెడ్డులోనే పెట్టక తప్పకపోతే ఎక్కువ వేడికి తట్టుకునే పారిశ్రామిక మోడల్ తీసుకోండి.

కరెంటు పోయినా నెట్ ఉండాలని చాలామంది డబ్బాకు చిన్న యూపీఎస్ పెట్టుకుంటారు. దాని పక్కనే ఉన్న స్విచ్‌ను మామూలు ప్లగ్గులో వదిలేస్తే, డబ్బా వెలుగుతూనే ఉంటుంది గానీ స్విచ్ వెనకున్న కెమెరాలు, కౌంటర్లు ఆగిపోతాయి. దారిలో ఉన్న ప్రతి పరికరం యూపీఎస్ మీద ఉండాలి. మామూలు ఐదు పోర్టుల స్విచ్‌కు చిన్న యూపీఎస్ చాలు, వోల్టేజీ సరిపోయిందో లేదో అడాప్టరు మీద చూసుకోండి. పీఓఈ స్విచ్‌కు మాత్రం దాని మొత్తం బడ్జెట్‌కు తగిన ఇన్వర్టర్ కావాలి.

తాడిపత్రి వైపు పాలిష్ యూనిట్లలో ఆఫీసు ఒక మూల, మిషన్ల షెడ్డు ఇంకో మూల ఉంటాయి, నడుమ ఖాళీ స్థలం. ఆ దూరం 100 మీటర్ల లోపే ఉన్నా, రెండు కట్టడాల మధ్య ఆరుబయట రాగి తీగ వేయవద్దనే నేను చెబుతాను. దగ్గరలో పిడుగు పడినా, రెండు కట్టడాల ఎర్తింగుల్లో తేడా ఉన్నా ఆ తీగ గుండా వచ్చిన పోటు రెండు వైపుల స్విచ్‌లనూ తినేస్తుంది. ఫైబర్ గాజుపోగులో కరెంటు పారదు కాబట్టి ఆ దారి మూసుకుపోతుంది. లోహపు కవచం లేని ఫైబర్ అయితే ఇంకా మంచిది. ఇటువంటి చోట్లకు రెండు వైపులా ఎస్ఎఫ్‌పీ (ఫైబర్ తగిలించే) పోర్టు ఉన్న స్విచ్‌లు తీసుకోవాలి, లేదా మామూలు స్విచ్‌ల పక్కన ఫైబర్‌ను రాగి తీగకు కలిపే మీడియా కన్వర్టర్లు పెట్టాలి. రౌటర్ మాత్రం ఆఫీసులో ఒక్కటే ఉంటుంది, షెడ్డులో రెండోది అక్కర్లేదు. ఫైబర్ కోసం కాలువ తవ్వించేటప్పుడే అవసరానికి మించి రెండు మూడు పోగులు ఎక్కువ ఉన్న కేబుల్ వేయించుకుంటే, ఒక పోగు తెగిన రోజున మళ్లీ తవ్వే పని ఉండదు.